సత్రమా, విడిదియా? క్రీస్తు జననకథయుఁ దెలుఁగు సామాన్యజనులును

తెలుఁగుదేశమునఁ గ్రైస్తవమతవ్యాప్తినిగూర్చి వ్రాసినవారు సాధారణముగా మూఁడు విషయములను లెక్కించుచుందురు: ఏ సంవత్సరమున నే సంఘమువారు వచ్చిరి, ఏ గ్రంథములు ముద్రించిరి, ఎందఱకు బాప్తిస్మ మిచ్చిరి అనునవి. ఇవి యన్నియు నావశ్యకములే. కాని యొక ప్రశ్న వీనివలనఁ దీఱదు. చదువురాని కూలివాఁడును, ఊరివెలుపలి వాడలోని యిల్లాలును, మందవెంటఁ దిరుగు కుఱుమయు నీ కథను మొదటిసారి విన్నప్పుడు దానిలో నేమి వినిరి? కథ యూదయదేశమునకుఁ జెందినది; మూలము గ్రీకుభాష; తెచ్చినవారు జర్మనులు, ఆంగ్లేయులు, అమెరికావారు. విన్న చెవి మాత్రము తెలుఁగు చెవి. దానికిఁ దగిలినవి తెలుఁగుమాటలు. ఆ మాటల చరిత్రమునే యిచ్చట నించుక పరిశీలింతము. మతసత్యములను నిర్ణయించుట యీ వ్యాసమున కుద్దేశము గాదు.

క్రీస్తు జననవృత్తాంతము నాలుగు సువార్తలలో రెంటఁ గలదు. మత్తయి తూర్పుదేశపు జ్ఞానులను, నక్షత్రమును, హేరోదు చేయించిన శిశువధను జెప్పును. లూకా ప్రజాసంఖ్యకై బేత్లెహేమునకుఁ జేసిన ప్రయాణమును, తొట్టిలోఁ బరుండిన శిశువును, రాత్రివేళ మందఁ గాచుకొను కాపరులను జెప్పును. జ్ఞానులు మువ్వురని మత్తయి యెచ్చటను జెప్పలేదు. కానుకలు మూఁడగుటచే వారును మువ్వురైరి. ఎద్దును గాడిదయు లూకాకథలో లేవు. యెషయా గ్రంథమందలి యొక వాక్యమునుబట్టి తరువాతివారు చేర్చిరి. డిసెంబరు 25 అను తేదియు సువార్తలలోనిది గాదు. 354వ సంవత్సరపు రోమునగర పంచాంగమున నది కానవచ్చుచున్నది. హేరోదు క్రీ.పూ. 4లో మరణించెను, కురేనియ కాలపు జనగణనము క్రీ.శ. 6లో జరిగెను, ఈ రెంటికిని బొత్తు కుదుర్చుటకుఁ బండితులు పడిన పాట్లు పెక్కులు. ఇటలీదేశపు గ్రేచ్చియో గ్రామమున ఫ్రాన్సిసు సన్యాసి 1223లో నిజమైన గడ్డిని, ఎద్దును, గాడిదను దెచ్చి యా రాత్రిని జనులకుఁ గన్నులఁ గట్టించెను. క్రిస్మసునాఁడు మన పల్లెలలోఁ గట్టు పాక దానికి దూరపుఁ జుట్టము. ఇవి పండితు లెఱిఁగినవే గనుక నిచ్చట నిలువఁ బనిలేదు.

నిలువవలసిన చోటు వేఱొకటి. శిశువును దొట్టిలోఁ బరుండఁబెట్టుటకు లూకా చెప్పిన కారణ మొకటే: 'కటాలుమ' యందు వారికిఁ జోటు దొరకలేదు. ఈ గ్రీకుపదమును వాడుకలోనున్న పాత యనువాదము 'సత్రము' అని తెలిఁగించినది. ఇదే గ్రీకుపదము లూకా యిరువదిరెండవ యధ్యాయమున మఱల వచ్చును. యేసు తన కడపటి పస్కాభోజనమునకై యొక గృహస్థు నడిగించిన గది యది. అచ్చట మన యనువాదకులు 'విడిది గది' యనిరి. నిజమైన పూటకూటియిల్లు లూకాకుఁ దెలియనిది గాదు. పదియవ యధ్యాయమున, గాయపడినవానిని సమరయుఁడు గొనిపోయిన తావునకు 'పందొకెయొన్' అను వేఱుపదమును వాడెను. దానికిఁ 'బూటకూళ్లవాని యిల్లు' అని తెలుఁగు చక్కఁగాఁ గుదిరినది. గ్రీకున రెండు పదములు, తెలుఁగున మూఁడు. కటాలుమ యనఁగా బరువు దింపికొని విశ్రమించు చోటు. అది బస కావచ్చును, ఇంట నతిథి కిచ్చు గది కావచ్చును. యోసేపు పోయినది తన వంశపువారి యూరికి. కావున బంధువులయింట నతిథులగది నిండియుండఁగాఁ బశువులను గట్టు భాగమున బిడ్డను బరుండఁబెట్టిరని నేఁటి పండితులలోఁ బలువు రనుచున్నారు. పాలస్తీనాపల్లెలలో మనుష్యులును బశువులును నొక్క కప్పుక్రింద నుండుటయుఁ గలదు గనుక నీ యర్థమే యెక్కువ పొసఁగుచున్నదని నా తలంపు. అయిననుఁ దెలుఁగుజనులు తరతరములుగా వినినది సత్రమును.

సత్రము సామాన్యమైన మాట గాదు. వేదవాఙ్మయమున సత్త్ర మనఁగాఁ బలువురు ఋత్విజులు గూడి పెక్కుదినములు చేయు యాగము. తరువాత నది యన్నదానశాలకుఁ బేరయ్యెను. కృష్ణాతీరమున గుంటూరుసీమలోని మల్కాపుర శాసనము (శా.శ. 1183, క్రీ.శ. 1261) రుద్రమదేవి కాలపుది. గోళకీమఠాచార్యుఁడగు విశ్వేశ్వరశంభున కిచ్చిన మందడగ్రామపుటాదాయమునఁ బ్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు, విప్రసత్రమునకు భాగము లందు నేర్పఱుపఁబడినవి. బ్రాహ్మణుఁడు మొదలు చండాలునివఱకు వచ్చినవారి కెల్ల నన్నము పెట్టవలెనను నియమము నా శాసనముననే యున్నది. ప్రసూతిశాలయు సత్రమును నొక్క ఱాతిమీఁదఁ జెక్కఁబడుట చూచిన క్రైస్తవపాఠకుఁడు బేత్లెహేమును దలఁపకుండఁజాలఁడు. కాని శాసనమందలి యౌదార్యము వీథులలో నిలువలేదు. విప్రసత్ర మను పేరులోనే ముందు జరుగఁబోవు కథ కొంత దాఁగియున్నది. పందొమ్మిదవ శతాబ్దమునఁ బాటసారులకై ధర్మాత్ములు కట్టించిన సత్రములు పెక్కింటిలో భోజనము ద్విజులకు, వసతి సవర్ణులకు. అంటరానివారుగా నెంచఁబడినవారికి వెలుపలి చెట్టునీడ.

సత్రమునఁ జోటు దొరకలేదని విన్న యాంగ్లేయశ్రోత, ఆ రాత్రి సత్రము నిండియుండెనని తలఁచును. మాలవాడలోను మాదిగవాడలోను విన్నవానికి సత్రము నిండవలసిన పనిలేదు. అది ఖాళీగా నున్నను వానికిఁ జోటు లేదు. చెప్పినవానికిఁ దోఁపని యర్థము విన్నవానికిఁ దనంతటఁ దోఁచినది. దేవుని కుమారుఁడని చెప్పఁబడు శిశువునకుఁ గలిగిన మొదటి యనుభవము తమ నిత్యానుభవమే యని వాఁడు గ్రహించుటకు వ్యాఖ్యాత యక్కఱలేదు.

తొట్టి మాటయు నిట్టిదే. మూలమందలి 'ఫాత్నే' పశువులు మేయు తొట్టి. మనయింట నది కుడితి తొట్టి. బియ్యపుఁ గడుగు, తవుడు, మిగిలిన గంజి పోయునది. పెద్దయింటి కుడితితొట్టిని గడుగువారును, అందుఁ గుడితి పోయువారును బనివారే గనుక నది వారి కన్నులయెదుట నుండు వస్తువు. మఱియొక విశేషము. తెలంగాణమున శిశువు నూఁచు ఊయెలకుఁ దొట్టెల యని పేరు. తమిళమునందు సైతము తొట్టి, తొట్టిల్ అను రెండు మాటలు నిట్లే పక్కపక్క నున్నవి. ధాతుసంబంధమును బండితులు విచారింతురు గాక. పురుడు పోసికొన్న స్త్రీ చెవికిఁ దొట్టియుఁ దొట్టెలయు నించుమించుగా నొక్కటియే. పశువుల తొట్టి బిడ్డ తొట్టెలయైన దన్న భావము గ్రీకునఁ గాని యాంగ్లమునఁ గాని లేని శబ్దసంపదతోఁ దెలుఁగున నమరినది. ఇది యనువాదకుల నేర్పు గాదు, భాష చేసిన యుపకారము.

ఈ సంగతిని నేలమీఁదఁ బెట్టి చూడఁదలఁచినవారికి హైదరాబాదునకు ఆగ్నేయమున, రంగారెడ్డి మండలమునఁ గల ఇబ్రహీంపట్టణప్రాంతము తగిన చోటు. అచ్చటి పెద్దచెఱువును ఊరును ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) పేరఁ బరగుచున్నవి. తెలుఁగుకవులు మల్కిభరాముఁడని కొనియాడిన ప్రభు వీతఁడే. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానము నీతనికే యంకిత మిచ్చెను. దానికిఁ జేరువనే, బందరునుండి గోలకొండకుఁ బోవు పాతబాటమీఁద హయాతునగరము కలదు. హయాత్ బక్షీ బేగము (మరణము 1667) పేర వెలసిన యా యూర మసీదును, దానిచుట్టు సరాయియుఁ గలవు. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టును వరుసగాఁ గమానుల గదులు; వర్తకుఁడు గదిలో, ఎడ్లును గుఱ్ఱములును ముంగిట. తూర్పుదేశములలోఁ బాటసారుల బస యెట్లుండెనో చూడఁగోరు విద్యార్థికిఁ బాశ్చాత్యచిత్రపటములకంటె నీ సరాయియే మేలు. లూకా యనువాదమున 'సరాయి' యన్న మాట పడియున్నచో విన్నవారికి జనసమ్మర్దము తోఁచియుండును. సత్ర మనుటచేఁ గులము తోఁచెను. ఒక్క మాటవలనఁ గథయొక్క బరువు ఇట్లు మాఱినది.

ఆ సీమలోని పాతరైతుయిండ్లఁ జూచిననుఁ గొంత తెలియును. కొట్టము ఇంటి కంటియుండును. ఎద్దులను దాఁటియే లోనికిఁ బోవలెను. వాడలోని యొంటిగది గుడిసెలో మేఁకపిల్ల మంచముక్రిందనే పండుకొనును. చుట్ట మొకఁడు వచ్చెనేని పిల్లలను దూడయొద్దకు జరుపుదురు. పండితులు కటాలుమ శబ్దమును శోధించి కనుఁగొన్న దృశ్యము, అనఁగా నతిథులగది నిండి బాలెంతను బశువులదిక్కునకుఁ బంపుట, ఆ గుడిసెలవారి కేమాత్రము నపూర్వము గాదు. వారి కది దైన్యముగాఁ గూడఁ దోఁపదు. ఉన్నంతలోఁ జోటు చేసికొనుటగాఁ దోఁచును.

ఇఁకఁ గాపరులు. డిసెంబరు చలిలో గొఱ్ఱెలకాపరులు రాత్రి పొలమున నుందురా యని విమర్శకులు శంకించి, యీ తేదిని నిరాకరించుట కలదు. యూదయ కది తగును. తెలంగాణమున మాత్ర మిది సరిగా మందలు పొలములో నిలుచు ఋతువు. వానకాలపు వరి కోసినపిదప గొల్లలును గుఱుమలును దమ మందల నా మళ్లలో రాత్రులు నిలుపుదురు. పెంటికల యెరువు రైతునకు, గింజలు కాపరికి. నల్లగొంగడి కప్పికొని, కుక్కలను జుట్టునుంచికొని, తోడేళ్లకు వెఱచి వంతులవారీగా మేల్కొందురు. మహారాజులకుఁ గాని మఠాధిపతులకుఁ గాని కాక, ఆ గొంగడికిందివానికి మొదట వార్త వచ్చెనని లూకా చెప్పిన భాగము నిచ్చటి శ్రోత చిత్రమువలెఁ జూచును. ఒక భేదము చెప్పవలసియున్నది: కుఱుమలు మనదేశమున నంటరానివారు గారు, వారికిఁ దమదగు దైవము బీరప్ప కలఁడు, ఆతని పుట్టుకను జెప్పు ఒగ్గుకథ కలదు. కావున దివ్యశిశువు కాపరులలోఁ బెరుఁగుట వారికిఁ గ్రొత్త గాదు.

అంతకంటెఁ బ్రసిద్ధము కృష్ణజననము. పోతన దశమస్కంధము నింటింట నెఱుఁగు దేశమున హేరోదు శిశువధ వినఁగానే కంసుఁడు తలఁపునకు రాకుండునా? ఈ పోలికనుబట్టి యొక కథ మఱియొకదానినుండి పుట్టినదని వేబరు పండితుఁడు పందొమ్మిదవ శతాబ్దమున వాదించెను. ఆ వాద మిప్పుడు గౌరవము గోల్పోయినది. జనులు మాత్రము వాదింపలేదు, పోల్చుకొనిరి. పోల్చుకొన్నపుడు భేదమును జూచిరి. కృష్ణుఁడు రాజవంశమునఁ బుట్టి రేపల్లెలో దాఁపఁబడెను. గొల్లలయిల్లు ఆతని మఱుఁగు. బేత్లెహేమున మఱుఁగు లేదు. కాపరులు తామే నడచివచ్చి చూచి, చూచినదానిని ఊరెల్లఁ జాటిరి. రాజపుత్రుని దాఁచు కథకును, పేదబిడ్డను జాటు కథకును సామాన్యుని కంట నంతరము గలదు.

ప్రజాసంఖ్య మాటను నాలుగు పఙ్క్తులలోఁ జెప్పి విడుతును. హైదరాబాదు రాజ్యమున మొదటి జనగణనము 1881లో జరిగెను. దానికి వెనుకను ముందును వెట్టి యుండెను: సర్కారు కొలువుకాండ్ర మూటలను ఊరినుండి యూరికి రాత్రిపగలు మోయుట. చక్రవర్తి హుకుమునకు లోఁబడి నిండుచూలాలు కొండత్రోవఁ బట్టవలసివచ్చుట వెట్టివానికి వ్యాకరణమువలె స్పష్టము.

ఈ కథ వారిచెంతకు నెట్లు వచ్చినదో కొంత చెప్పవలెను. బెంజమిను షుల్జు పదునెనిమిదవ శతాబ్దిలోనే బైబిలును దెలుఁగు చేసెను గాని యది యచ్చుపడలేదు. జర్మనీలోని హాలె నగరమున నాతని చిన్నపుస్తకములు కొన్ని మాత్రము 1746, 1747 సంవత్సరములలో ముద్రితములైనవి. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన క్రాన్, దెగ్రాంజి అనువారు ఆనందరాయఁడను బ్రాహ్మణుని తోడ్పాటుతో సువార్తలను దెలిఁగించిరి. మూఁడు సువార్తలు 1812లో శ్రీరామపురమున వెలువడెను. క్రొత్తనిబంధన సమగ్రముగా 1818లో వచ్చినది. అంతకుమున్నే మంగళగిరి ఆనందకవి వేదాంతరసాయనమను ప్రబంధమునఁ గ్రీస్తుచరిత్రమును బద్యములలోఁ బాడెను. అది రసజ్ఞుల కాదరపాత్రమే. కాని వాడలకుఁ బోయినది ప్రబంధము గాదు, కీర్తన. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారి కీర్తనలు చదువురానివారి నోట నిలిచినవి. నూఱేండ్లు గడచినపిదపఁ బద్యమే వాడనుండి పండితునికడకు వచ్చినది: వినుకొండవాఁడైన గుఱ్ఱము జాషువ తన క్రీస్తుచరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము నందెను.

ఒంగోలుసీమలో యెఱ్ఱగుంట్ల పేరయ్య చరిత్రము మనవిషయమునకు మిక్కిలి యక్కఱయైనది. తాళ్లకొండపాటి మాదిగ, తోళ్లవర్తకుఁడు, గురుముఖమున యోగమభ్యసించి శిష్యులకు బోధించినవాఁడు. వర్తకమునకై యేలూరుదిక్కునకుఁ బోయినపుడు క్రైస్తవబోధ విని, 1866లో బాప్తిస్మము పొందెను. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లోఁ బ్రకటించిన మాదిగల వృత్తాంతమున నీతని కథ విస్తరముగాఁ గలదు. మత్తయి చెప్పిన 'మాగోయి' పారసీక జ్యోతిష్కులు. తెలుఁగున వారు 'జ్ఞాను'లైరి. వేమనను, పోతులూరి వీరబ్రహ్మమును విన్న వాడలలో జ్ఞాని యనఁగా జోస్యుఁడు గాఁడు; కులమును రోసి తత్త్వమును దెలిసినవాఁడు. మత్తయి పంపినది జ్యోతిష్కులను. తెలుఁగు వినినది తత్త్వవేత్తలను. యోగమార్గమునుండి వచ్చిన పేరయ్యవంటివానికి, దూరదేశపు జ్ఞానులు పేదబిడ్డకు మ్రొక్కిరను మాట పరాయిమాటగాఁ దోఁచియుండదు.

ఇచ్చట నొక హెచ్చరిక యవసరము. 1876–78 నాఁటి ధాతుకఱవులో క్లౌదొర బకింగుహాము కాలువపని మూఁడున్నరమైళ్ల గుత్తకుఁ దీసికొని వేలమందికిఁ గూలి గల్పించెను. ఆ కూలిశిబిరములలోఁ బ్రధానముగా బోధింపఁబడినది జననకథ గాదు. శ్రమపడి భారము మోయువారిని విశ్రాంతికిఁ బిలుచు మత్తయి వాక్యము. మన్నుతట్ట మోయువానికి నది తగినది. కనుక వారినెల్ల బేత్లెహేమే యాకర్షించెనని వ్రాయుట చరిత్రము గాఁజాలదు. అన్నమునకై మతము మార్చికొనిరని పరిహసించువారును నొక విషయము నెఱుఁగవలెను: కఱవుకూలి జరిగిన పదునైదునెలలు క్లౌ బాప్తిస్మము లీయలేదు. పని ముగిసినపిదపనే, 1878 జూలై 3న వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది యొక్కదినమున బాప్తిస్మము పొందిరి.

నైజాముసీమలో జననకథకు ఱాతిరూపమే కలిగెను. మెదకునఁ బోస్నెట్టుదొర కఱవుకాలమునఁ గూలి గల్పించుచుఁ గట్టించిన పెద్దగుడి 1924 డిసెంబరు 25న, జననోత్సవమునాఁడే ప్రతిష్ఠింపఁబడెను. దాని రంగుటద్దముల కిటికీలలోఁ గ్రీస్తు జననచిత్ర మొకటి. దోర్నకల్లులో వేదనాయకము శామ్యూలు అజరయ్య (1874–1945), ఆంగ్లికను సంఘమున మొదటి భారతీయ బిషప్పు, కట్టించిన గుడికి జ్ఞానులరాకను స్మరించు నెపిఫనీ పండుగ పేరే పెట్టి, 1939 జనవరి 6న, ఆ పండుగనాఁడే ప్రతిష్ఠచేసెను. దాని నిర్మాణమున హిందూ మహమ్మదీయ శిల్పరీతులు కలిసియున్నవి. పరదేశపు జ్ఞానులు తమ కానుకలతోనే వచ్చిరను భావమునకు నది తగియున్నది. కాపరుల పండుగనాఁ డొక గుడి, జ్ఞానుల పండుగనాఁ డొక గుడి. రెండును గూలివారి సంఘములకే.

పేదవానిని బేదగానే యుంచు నోదార్పు ఈ కథ యని యాక్షేపించువారు కలరు. తొట్టిలోఁ బండిన దేవుని జూపి తొట్టి కడుగువానిని దృప్తిపఱచుట సులభమే. అట్టి బోధకులు లేకపోలేదు. కాని వాడలలో జరిగినది చూడవలెను. బోధకునివెంటఁ బలక వచ్చెను. పలకవెంట వ్రాఁత వచ్చెను. పండుగనాఁడు పనికి రామని చెప్పుటయే వెట్టివానికి సామాన్యమైన సాహసము గాదు. ఉదార్పు మాత్రమే యైనచో దొరలు దానిని నిరోధించియుండరు.

ఇఁక ననువాదవిషయము. సత్రము చేసిన చారిత్రకకార్య మింతటిదైనపుడు దానిని మార్పవచ్చునా? మార్పవచ్చుననియే నా యభిప్రాయము. నేఁడు సత్రమున కా పాతయర్థము సన్నగిల్లినది. పట్టణపుబాలునికి సత్ర మనఁగాఁ దీర్థయాత్రలోని యద్దెగది. విడిది యట్లు గాదు. పెండ్లివారి విడిది నెఱుఁగని తెలుఁగువాఁడు లేఁడు. మర్యాదగలవారి కిచ్చు చోటది. చుట్టములలో నెవరికి విడిది దొరకెను, ఎవరు అరుఁగుమీఁదఁ బండుకొనిరి అన్నదానినిబట్టియే వారి వారి విలువ తెలియును. తన వంశపువారి యూర విడిది దొరకకపోవుట, పరాయిసత్రమునఁ జోటు దొరకకపోవుటకంటె లోఁతైన బాధ. గ్రీకుమూలమున కది దగ్గఱ, తెలుఁగుబ్రదుకునకును దగ్గఱ. పైఁగా నింకొక లాభము కలదు. పాత యనువాదమున నొక్క గ్రీకుమాటకు రెండు తెలుఁగుమాటలు పడుటచే, పుట్టిననాఁడు కటాలుమ దొరకని బిడ్డయే చావునకు ముందటిరాత్రి కటాలుమ నడిగి తీసికొని, పండ్రెండుగురను గూర్చుండఁబెట్టి యన్నము పెట్టెనను లూకా కూర్పు మనకుఁ గనఁబడుట లేదు. రెండుచోట్లను విడిది యనియే యుంచినచో నది చదువురాని శ్రోతకు సైతము వినఁబడును.